ఒంటి కొమ్ము

మా రోజుల్లో గోడకి ఒక కొమ్ము వేలాడుతోందంటే దాని వెనక ఒక కథ ఉన్నట్టే. ఇప్పుడు మా మనవడు ఆ కథ మొదలెట్టకముందే ఫోను ఎత్తి ఫొటో తీసేశాడు. రెండు నిమిషాలు గీకి, "తాతా, ఇది హైబ్రిడ్ అయ్యుండొచ్చట" అన్నాడు. డెబ్భై ఏళ్ళుగా మా ఇంటి పరువు మోస్తున్న కొమ్ముని పట్టుకుని వాడన్న మాట అది.

ఆ కొమ్ము మా తాతగారిది. చింతపల్లి అడవిలో నాటు తుపాకీతో కణితిని, అంటే పెద్ద అడవి దుప్పిని, కొట్టాడని మా నాన్న చెప్పేవాడు. రెండో కొమ్ము ఏదని అడిగితే, జమీందారుగారికి కానుకగా ఇచ్చేశాడనేవాడు. మద్రాసులో రజులా అనే ఓడెక్కి సింగపూర్ బయల్దేరినప్పుడు నాన్న చేతిలో ఉన్నవి ఒక ట్రంకు పెట్టె, ఒక ఊరగాయ జాడీ, చెక్కకి బిగించిన ఈ ఒంటి కొమ్ము. సెరంగూన్ రోడ్డు పక్క సందులో అద్దెగదిలో దేవుడి పటం తర్వాత గోడెక్కింది ఇదే.

అసలు ఈ పేటే కొమ్ముల పేట. దీన్ని కండాంగ్ కెర్బావ్ అనేవారు, అంటే మలయ్‌లో గేదెల దొడ్డి. బఫెలో రోడ్డు, కెర్బావ్ రోడ్డు అన్నీ ఆ దొడ్డి పేర్లే. మా పిల్లలు పుట్టిన ఆస్పత్రికీ అదే పేరు. కలకత్తా నుంచి వచ్చి పశువుల వ్యాపారం చేసిన బెలిలియస్ పేరు మీద ఇంకో రోడ్డుంది. ఆ వ్యాపారం మా నాన్న వచ్చేనాటికే పోయింది గానీ, పెద్దవాళ్ళకి చూపు పోలేదు. కొమ్ము చూసి ఎద్దు వయసు చెప్పేవాళ్ళు, నడక చూసి ఊరు చెప్పేవాళ్ళు. ఇప్పుడు పొంగల్‌కి నాలుగు ఆవుల్ని తెచ్చి కట్టేస్తే, జనం వాటికి వీపు తిప్పి నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. పశువుని చూడ్డానికొచ్చి తమ మొహం చూసుకుని పోతున్నారు!

సరే, మనవడి వాదనేమిటంటే కణితి కొమ్ముకి మూడే మొనలుండాలట. నిజమే. నుదుటి దగ్గర ఒకటి, చివర చీలి రెండు. చుక్కల దుప్పికీ మూడే, కాకపోతే దానిది సన్నగా వీణలా వంగి ఉంటుంది, కణితిది మొద్దుగా, చెట్టు బెరడులా గరుకుగా ఉంటుంది. మా కొమ్ముకి నాలుగో మొన ఉంది, బొటనవేలంత, పక్కకి పొడుచుకొచ్చి. "జావా దీవి రుసా దుప్పికీ కణితికీ పుట్టిందేమో తాతా" అన్నాడు. జావా రుసా సముద్రం ఈదుకుంటూ చింతపల్లి ఘాటెక్కిందా అని అడిగాను. ఫోను దానికి జవాబు చెప్పలేదు.

సంకరాలు లేవని నేననను. నా దగ్గరా ఫోనుంది, నేనూ చదువుతాను. కానీ అవి ఎక్కడ జరిగాయో చూడాలి కదా. న్యూజిలాండ్ ఫియోర్డ్‌లాండ్‌లో 1905లో పద్దెనిమిది వాపిటీల్ని వదిలారు. అమెరికా నుంచి ఓడలో వచ్చిన పెద్ద జాతి దుప్పులవి. బ్రిటన్ నుంచి తెచ్చిన ఎర్ర దుప్పులు కూడా పాకుతూ ఆ కొండల్లోకి చేరాయి. రెండూ కలిసిపోయాయి. అక్కడి వేటగాళ్ళు ఇప్పటికీ కొమ్ము చూసి లెక్క కడతారు. నాలుగో మొన పొడుగ్గా కత్తిలా ఉంటే వాపిటీ రక్తం ఎక్కువ, పైన మొనలన్నీ గిన్నెలా గుమిగూడి కిరీటం కడితే ఎర్ర దుప్పి రక్తం ఎక్కువ అని. ఐర్లండు విక్లోలోనూ అంతే. 1860లో పవర్స్‌కోర్ట్ ప్రభువు తన తోటకి జపాన్ సికా దుప్పుల్ని తెప్పించాడు, అవి ఎర్ర దుప్పులతో కలిసిపోయాయి. మనిషి ఓడెక్కించి తెచ్చిన చోట సంకరం పుట్టింది. మన అడవుల్లో కణితి, దుప్పి తరతరాలుగా ఒకే వాగులో నీళ్ళు తాగుతున్నా దేని కాపురం దానిదే.

మరి మా కొమ్ముకి నాలుగో మొన ఎక్కడిదంటావా? మా రోజుల్లో వేటగాళ్ళు దానికి రక్తాన్ని కాదు, బతుకుని అడిగేవాళ్ళు. కొమ్ము మొలిచేటప్పుడు పైన ముఖమల్ లాంటి మెత్తటి తోలుంటుంది, లోపల నెత్తురు పారుతుంది. అప్పుడు ముళ్ళకంపకి కొట్టుకున్నా, పోట్లాటలో నలిగినా గాయమైన చోట కొత్త మొన వస్తుంది. వెనక కాలు విరిగితే అవతలి పక్క కొమ్ము వంకర పోతుంది. మేత చాలని ఏడు సన్నబడుతుంది. ముసలితనంలో కురచబడుతుంది. కొమ్ము అంటే ఆ జంతువు ఏడాది చిట్టాపద్దు.

ఇదంతా మనవడికి చెప్పాను. వాడు ఊరుకుంటాడా? ఆస్ట్రేలియా విక్టోరియాలో హాగ్ డీర్ అని ఉన్నాయట, పందిలా తల వంచుకుని పొదల్లోంచి దూసుకుపోయే చిన్న జింకలు. నూటయాభై ఏళ్ళ కిందట తెచ్చి వదిలినవి. 2019లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే వాటిలో మన చుక్కల దుప్పి రక్తం విస్తారంగా బయటపడిందట. "ఏటా కొమ్ములు కొలుచుకునే వేటగాళ్ళ కళ్ళకి అది తెలిసిందా తాతా?" అన్నాడు. నేను కాఫీ చల్లారిపోయిందని లేచాను.

మన సింగపూర్‌లో మాత్రం ఏముంది? ఒకప్పటి అడవి కణితులు వేటకీ తోటలకీ బలై పోయాయి. ఇప్పుడు మండాయ్ వైపు రాత్రిళ్ళు రోడ్డు దాటేవి 1970లలో జూ నుంచి పారిపోయిన వాటి సంతానం. వాటి కోసం 2019లో రోడ్డు మీద పచ్చటి వంతెన కట్టారు. మా రోజుల్లో జంతువుని చూసి మనిషి దారి తప్పుకునేవాడు, ఇప్పుడు దారే దానికి విడిగా కట్టాలి.

దీపావళికి గోడలకి రంగులేయిస్తుంటే కొమ్ము చెక్క ఊడింది. లోపలంతా చెదలు. కొత్త చెక్కకి బిగించేవాడు దొరక్క, మా వీధి చివర చీనా మందుల దుకాణం ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనా నేనూ ఒక ఈడువాళ్ళం, మా ఇద్దరికీ కలిసిన భాష బజారు మలయ్. ఆయన దుకాణంలో గాజు సీసాల్లో దుప్పి కొమ్ము బిళ్ళలుంటాయి, గట్టిపడకముందే కోసిన ముఖమల్ కొమ్ము. కొమ్ముల మధ్యే ఆయన జన్మంతా గడిచింది. మనవడు నా వెనకే వచ్చాడు.

"హైబ్రిడ్డో కాదో నువ్వే చెప్పు" అన్నాను గర్వంగా.

ఆయన మొనల వైపు చూడనే లేదు. కొమ్ము తలకిందులు చేశాడు. ఇన్నాళ్ళూ చెక్కలో దాక్కున్న మొదలు మీద బొటనవేలితో రాశాడు. గరుకుగా, ఉబ్బెత్తుగా, చుట్టూ ముత్యాలు పేర్చినట్టున్న వలయంతో ఉంది. కోసిన కత్తిగాటు లేదు, పుర్రె ఎముక ముక్క లేదు.

"ఇని జాతు పున్యా" అన్నాడు. ఇది రాలినది అని.

దుప్పులు కొమ్ములు రాల్చుకుంటాయి, ఆవులా కాదు, మళ్ళీ మొలిపించుకుంటాయి. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రెండూ ఒకేచోట రాలాలని లేదని కూడా తెలుసు. ఒంటి కొమ్ముని డెబ్భై ఏళ్ళు గోడమీద చూస్తూ జమీందారుకి దండం పెట్టుకుంటూ వచ్చాను తప్ప, ఒక్కసారి చెక్క ఊడదీసి చూడలేదు.

మనవడు నవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "అయితే ముత్తాత దాన్ని ఎక్కడ ఏరుకున్నాడు తాతా?" అని అడిగాడు.

మొదటిసారిగా వాడు కథ అడిగాడు. చెప్పడానికి నా దగ్గర లేదు.