‘దోషము కానరాలేదు’: టీకా తాత్పర్యములు

మూలం: “పరీక్షించితిమి. దోషము కానరాలేదు. కస్టమర్ గమనించవలెను.”

అవతారిక: ఇది తిరువళ్ళూరులోని ఒక ట్రాక్టర్ సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు మీద వెలసిన గ్రంథం. మూలం ఇంగ్లీషులో, సంతకం తమిళంలో ఉన్నాయి. తిరుత్తణి రైతు దానికిచ్చిన జవాబు తెలుగులో ఉంది. గ్రంథవిస్తర భీతిచేత ఉదాహరించలేదు. 1960 దాకా ఆ ఊరు చిత్తూరు జిల్లాలోదే గనుక భాష విషయంలో వింత లేదు. సందర్భమేమంటే, చెరకు ట్రైలర్ తగిలించుకుని తిరువాలంగాడు మిల్లుకు పోతుంటే బండి నడిరోడ్డులో ఆగుతుంది. లైట్లు, మీటర్లు ఆరిపోతాయి, డీజిల్ సొలినాయిడ్‌కు కరెంటు తప్పి ఇంజనూ నిలుస్తుంది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

టీక: ప్రతిపదార్థం తేలిక గనుక విడిచాం. ‘కానరాలేదు’ దగ్గర మాత్రం ఆగక తప్పదు. కనబడకపోవడం వల్ల లేదని తెలుసుకోవడాన్ని అనుపలబ్ధి అంటారు. కుమారిల భట్టు దాన్ని ఆరో ప్రమాణంగా ఒప్పుకున్నాడు, ప్రభాకరుడు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవారూ ఒక మెలిక పెట్టారు: వస్తువు ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలోనే వెతికి ఉండాలి. చీకటింట్లో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండు సంపుటాలు రాసిన రాధాకృష్ణన్ పుట్టిన ఊరి బండికి ఈ పాటి న్యాయం దక్కవద్దా?

పరీక్ష జరిగిన తీరు చూడండి. రాత్రంతా షెడ్డులో చల్లబడ్డ బండి. ట్రైలర్ లేదు, గుంతలు లేవు. మల్టీమీటరు కంటిన్యూటీలో పెట్టారు, కూసింది. తీగలో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా అది కూస్తుంది; దానికి కావలసిన కాస్త కరెంటు ఆ ఒక్క పోగే మోస్తుంది. లోడు పడితే గదా దాని బండారం బయటపడేది! మీటరు పక్కన పెట్టి, తీగ చివర హెడ్‌లైటు బల్బు వెలిగించి చూడాలి. ఇంజను వేడెక్కాక వైరింగును చేత్తో కదపాలి. స్టార్టర్ తిరుగుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య ఓల్టేజి కొలవాలి. అర ఓల్టు దాటితే ఎర్త్‌ను అనుమానించాలి. పెయింటు మీదే బిగించిన బోల్టో, ఎలుక కొరికిన తీగో, ప్రెషర్ వాష్ నీళ్ళకు పచ్చబడ్డ రాగి పిన్నో ఉంటుంది.

రాగి అన్నాం గనుక తిరువాలంగాడు రేకుల సంగతి చెప్పాలి. అనవసరమైనది చెప్పనని మల్లినాథుడు ప్రతిజ్ఞ చేశాడు, మేం చేయలేదు. రాజేంద్ర చోళుని నాటి ఆ శాసనం 1905లో బయటపడింది. మొత్తం 31 రాగి రేకులు, కడియానికి గుచ్చి ముద్ర వేసినవి. సంస్కృత భాగంలో చోళుల వంశం సూర్యుడి దగ్గర మొదలవుతుంది. తమిళ భాగం, గుడికి దానమిచ్చిన పళయనూరు ఎల్లలను పంక్తుల కొద్దీ చెబుతుంది. ఊరి హద్దు ఎక్కడుందో చెప్పమంటే తిరిగి చూసి చెప్పారు గానీ, హద్దు కానరాలేదు, దానగ్రహీత గమనించవలెను అని చెక్కి చేతులు దులుపుకోలేదు. వెయ్యేళ్ళు దాటినా ఆ రాగి చదవడానికి వస్తోంది.

ప్రకృతం అనుసరిద్దాం. ‘కస్టమర్ గమనించవలెను’. కోసిన చెరకు ఎండకు బరువు తగ్గుతుంటే, వెనక లారీలు హారన్లు కొడుతుంటే, చేతిలో టెస్టు బల్బైనా లేని రైతు ఏం గమనించాలి? అసలతను గమనించే వచ్చాడు. “వేడెక్కినాక గుంతలో పడితేనే ఆగిపోతాది అన్నా, లైట్లు గూడా అంతా ఒకేసారి పోతాయి” అన్నాడు. అన్నీ ఒకేసారి పోతున్నాయంటే అన్నిటికీ ఉమ్మడి దారిలో, అంటే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్చి, ఎర్త్ వరుసలో వెతకమని. సగం రోగం అతనే చెప్పేశాడు. ఆ మాటలు రాసుకోవడానికి కార్డులో ఒక గడి ఉంది. అందులో ‘స్టార్టింగ్ ట్రబుల్’ అని ఉంది.

కడపటి పంక్తి లేబర్ చార్జీ. దీనికి పాఠాంతరాలు లేవు. అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాశారు.