మాది భాష, మీది యాస

మా బెజవాడలో ఒక గట్టి నమ్మకం ఉంది: తెలుగువాళ్లందరికీ యాస ఉంటుంది, మాకు తప్ప. సిక్కోలుది యాస, చిత్తూరుది యాస, వరంగల్లుదైతే మరీ యాస. మాది మాత్రం భాష. దేవుడు తెలుగును నేరుగా బందరు కాలవ గట్టున దించి, మిగిలినవాళ్లకు చిల్లర పంచాడన్నమాట!

ఈ లెక్కన వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తికి పాపం భాష రాదు. శ్రీకాకుళం దాపున పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకున్న మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవమని దండలేస్తాం, ఆయన ఊరివాళ్లు నోరు విప్పితే ముసిముసిగా నవ్వుతాం. ఆరో శతాబ్దపు తొలి తెలుగు శాసనాలేమో కడప జిల్లాలో, ఎర్రగుడిపాడులోనూ కలమళ్లలోనూ దొరికాయి. వాటిని వేయించిన రేనాటి చోళులు మమ్మల్ని అడక్కుండా తొందరపడ్డారు!

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల మాటలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తెలుగును ఆయన నాలుగు మండలాలుగా చూపిస్తే, కృష్ణా గుంటూరు గోదావరి జిల్లాలు కలిసి అందులో ఒకటి. నాలుగింట ఒకటి, అంతే.

మరి మా యాస భాషెలా అయింది? 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. నీళ్లు పారాయి, వరి పండింది, డబ్బు మిగిలింది. అది కాలేజీలయింది, అచ్చాఫీసులయింది, సినిమా పెట్టుబడయింది. 1948లో ఆకాశవాణి కూడా ఇక్కడికే వచ్చింది. ఇక సినిమాల్లో చాలాకాలం హీరోకు మా మాట, రౌడీకీ పనిమనిషికీ పక్క జిల్లాల మాట!

తమాషా ఏంటంటే, అవనిగడ్డ వైపు పొలంలో రైతు ‘ఆడొత్తన్నాడు’ అంటే మావాళ్లకు అదీ యాసే. బెంజి సర్కిల్ కుర్రాడు ‘క్లాస్ అటెండ్ అవ్వలేదు’ అంటే మాత్రం అచ్చ తెలుగు. కృష్ణా జిల్లా భాష కృష్ణా జిల్లాలోనే చాలామందికి రాదు!

పత్రికకూ పాఠ్యపుస్తకానికీ ఉమ్మడి తెలుగు ఒకటి కావాలి, కాదనను. దానికి మా మాట ఆధారమైందంటే అది కాలవల చలవ, మా నాలుక గొప్ప కాదు. ఈసారి సిక్కోలు కుర్రాడితో ‘నీ యాస భలే ఉందోయ్’ అనబోయే ముందు, అతను ‘మీదీ బాగుందండీ’ అంటే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకోండి.