పుట్టిన వేళ

కుండమార్పిడి సంబంధం. కొడుక్కి ఆ ఇంటి పిల్లని తెచ్చుకుని, కూతుర్ని ఆ పిల్ల అన్నకిస్తారు. రెండు పెళ్లిళ్లకీ ఒకటే ముహూర్తం కావాలని తండ్రి సిద్ధాంతిగారి దగ్గరికొచ్చాడు. చంకలో అట్ట ఊడిన నోటుపుస్తకం. ఎరువుల బాకీలు, పాల లెక్కలు, పిల్లల పుట్టిన తేదీలు, అన్నీ అందులోనే.

ముందు కొడుకుది. తేదీ, వారం, ఉదయం 6 గంటల 52 నిమిషాలు, గుండ్రటి అక్షరాల్లో ఉంది. సిద్ధాంతిగారు చక్రం వేశారు. మేష లగ్నం. ఏడో ఇంట, తులలో కుజుడు.

"కుజదోషమాండీ?" తండ్రి గొంతు తగ్గించి అడిగాడు.

"కుజుడు కనపడగానే కంగారుపడితే ఎలా నాయనా? ఎవరింట్లో కూర్చున్నాడో చూడాలి. తుల శుక్రుడిది. ఆ శుక్రుడెక్కడున్నాడు? మేషంలో, కుజుడింట్లో. లగ్నాధిపతి సప్తమానికి వెళ్లాడు, సప్తమాధిపతి లగ్నానికొచ్చాడు. పరివర్తన యోగం. మీ కుండమార్పిడి లాంటిదే. ఒకరికి దెబ్బ తగిలితే రెండిళ్లకీ నొప్పే. భార్యాభర్తలు ఒకరినొకరు వదలరు."

తండ్రి మొహం విప్పారింది.

"ఇక అమ్మాయిది."

తండ్రి పేజీ తీసి చేతికిచ్చాడు. ఇంతలో ఫోన్ మోగింది. కాబోయే వియ్యంకుడు. మాట్లాడుతూ అరుగు మీదికి వెళ్లాడు.

జ్యేష్ఠ మాసం, శుక్రవారం. కింద అవే గుండ్రటి అక్షరాలు: 'తెల్లవారుజామున 4.20. ఆడ.'

సిద్ధాంతిగారు పంచాంగం తిప్పి లెక్క కట్టారు. వృషభ లగ్నం. అన్నకి సప్తమాధిపతైన శుక్రుడే చెల్లెలికి లగ్నాధిపతి. అన్నకి లగ్నాధిపతైన కుజుడు ఈమెకి సప్తమాధిపతి. గ్రహాలు అవే, లగ్నం మారేసరికి ఇళ్లు మారాయి. సుమారు రెండు గంటలకో లగ్నం. ఈ పిల్ల ఇంకాస్త పొద్దెక్కాక పుడితే మిథునమయ్యేది, సప్తమం గురుడి చేతికి పోయేది. వేళ తెలియకపోతే గ్రహాలు దొరుకుతాయి గానీ, ఏది ఏ ఇంటికి అధిపతో ఎవరూ చెప్పలేరు.

శుక్రుడు లగ్నంలోనే ఉన్నాడు. స్వక్షేత్రం. సిద్ధాంతిగారు మళ్లీ ఒకసారి సరిచూసుకున్నారు.

తండ్రి లోపలికి రాగానే అన్నారు: "కొడుకు జాతకం కంటే ఇదే గట్టిది. అతని లగ్నాధిపతి పరాయి ఇంట్లో ఉన్నాడు. ఈమెది సొంతింట్లోనే. ఒకరి దయ మీద బతికే పిల్ల కాదు. నిమిషాలతో సహా రాసుకున్నావు, మంచిపని చేశావు."

తండ్రి పుస్తకంలోకి తొంగి చూశాడు.

"అది అమ్మాయిది కాదండీ. దాని టైము ఎవరూ చూళ్లేదు. ఆ రోజే మా ఆవు పెయ్యదూడని ఈనింది. ఆ టైమది."