వరసలో వచ్చిన పుట

నేను ఎర్ర శాటిన్ రిబ్బనును. ఒక తెలుగు క్యాథలిక్ బైబిలు అట్టకు పైకొసను అంటించి, మిగతా నన్ను పుటల మధ్యకు వదిలారు. గుణదల కొండకు దగ్గర్లో ఒక ఇంట్లో ఉంటాను. కింది కొసన దారాలు లేస్తుంటే నాయనమ్మ అగ్గిపుల్ల గీసి కాస్త సెగ చూపించింది. కొస ముడుచుకుని గట్టిపడింది. ఆ తర్వాత ఒక్క పోగు ఊడలేదు.

ఏటా ఆగమనకాలం మొదటి ఆదివారం నాయనమ్మ ఆదికాండం తెరుస్తుంది. సాయంత్రం జపమాల అయ్యాక సిలువ గుర్తు వేసుకుని, నన్ను పక్కకు తీసి, మూడు నాలుగు అధ్యాయాలు పైకి చదువుతుంది. 73 గ్రంథాలూ ఏడాదిలో పూర్తి కావాలంటే అంత చదవాల్సిందే. ఆమె పుట్టింట్లో జపమాల ఉండేది గాని బైబిలు లేదట. విశ్వాసులంతా దైవగ్రంథాన్ని తరచూ చదవాలని రెండవ వాటికన్ మహాసభ 1965లో గట్టిగా చెప్పిందని మనవడికి ఎన్నిసార్లు చెప్పిందో.

గుడిలో ఆదివారం పఠనాలు మూడేళ్ళకోసారి తిరిగి వస్తాయి. అక్కడ వినిపించనివి నా చుట్టూ చాలా ఉన్నాయి. లేవీయకాండంలో చర్మరోగాల అధ్యాయంలో చాలా భాగం అలాంటిదే. అక్కడికొచ్చి విసిగి మానేసేవాళ్ళు ఎందరో. నాయనమ్మ మాత్రం దాటేయదు. వరసలో ఏది వస్తే అదే చదవాలి, నచ్చినవి ఏరుకోకూడదు అంటుంది. నేను పుట్టిందే ఆ వరస తప్పకుండా చూడటానికి. అందుకే ఆ మాటంటే నాకు ప్రాణం.

తాతయ్య పోయిన ఏడాది దాని విలువ ఇంకా తెలిసింది. అప్పుడు కీర్తనల్లో ఉన్నాం. చుట్టాలు వచ్చి ఓదార్పు వాక్యాలు చదివి వెళ్ళారు. కొన్నాళ్ళు పుస్తకం మూతపడే ఉంది. మళ్ళీ తెరిచిన సాయంత్రం నేనున్న చోట 88వ కీర్తన ఉంది. మొరతో మొదలై చీకటిలోనే ముగిసే కీర్తన అది. చివరిదాకా ఊరట మాట ఉండదు. తానై వెతికితే నాయనమ్మ ఆ కీర్తన తీసేది కాదు. గొంతు పూడుకుపోతున్నా చివరి వరకు చదివింది. ఆ రోజు ఇంకేమీ చదవలేదు. అలాంటి ఏడుపుకు కూడా దైవగ్రంథంలో చోటుందని ఆమెకు ఆ వరసే చూపించింది.

మరుసటి చుట్టులో మనవడు పక్కన చేరాడు.

"ఏరా, ఎక్కడ ఆపాం?"

"తోబీతు, నాయనమ్మా. అబ్బాయి ప్రయాణమయ్యాడు. కుక్క కూడా వెంటపడింది."

పక్కింటివాళ్ళ 66 గ్రంథాల బైబిలులో ఈ కథ లేదు. తోడు వచ్చినవాడు రఫాయేలు దూత అని ఆ అబ్బాయికి తెలియదు, మాకు తెలుసు. అందుకే మనవడు ఆ నాలుగు రోజులూ ఆటలు మానుకుని వచ్చాడు.

తర్వాత మక్కబీయుల రెండవ గ్రంథం. యుద్ధంలో చనిపోయిన తనవాళ్ళ పాపపరిహారబలి కోసం యూదా మక్కబీయుడు 2,000 వెండి నాణేలు పోగుచేసి యెరూషలేముకు పంపిన చోట వాడు ఆపించాడు.

"తాతయ్య కోసం మనమూ పంపొచ్చా?"

"పూజ పెట్టిద్దాం నాన్నా. రేపు ఫాదరుగారి దగ్గరికి వెళ్దాం."

వాడు పుస్తకం మూసి, అట్ట మీద కానుక కవరు పెట్టుకుని తాతయ్య పూర్తి పేరు రాశాడు. ఇంటిపేరులో దీర్ఘం మరిచిపోతే నాయనమ్మ దిద్దించింది.