ప్రళయానికి మరో వాయిదా

డిసెంబరు 31 రాత్రి మా చర్చిలో కుర్చీ దొరక్క చెప్పుల గుట్ట పక్కన నిలబడ్డాను. పదకొండున్నర దాటాక పాస్టరు గారు గొంతు తగ్గించారు. ఆయన అరిచినంతసేపూ ఎవరికీ భయం లేదు, తగ్గించారంటేనే గుండె జారుతుంది. "ఈ కొత్త సంవత్సరం చివరిదాకా మనం ఇక్కడ ఉంటామో లేదో..." యుద్ధాలు, భూకంపాలు, ఇజ్రాయెల్, చివరికి ఆధార్ కార్డు. సూచనలన్నీ నెరవేరాయట, ఇక బూర ఊదడం ఒక్కటే మిగిలిందట. ముందు వరుసలో అమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

పన్నెండు కొట్టింది. హల్లెలూయ, కేకు, కరచాలనాలు. బయటికొస్తుంటే గుమ్మం దగ్గర యూత్ కుర్రాళ్ళు తలా ఒక క్యాలెండరు చేతిలో పెట్టారు. పైన సకుటుంబంగా పాస్టరు గారు, కింద పన్నెండు నెలలూ ఉన్నాయి. ఒక్క నెల కూడా తగ్గలేదు. డిసెంబరు కాగితం అడుగున సన్న అక్షరాల్లో, పై ఏడాది ఉజ్జీవ కూటాలు జనవరి రెండో వారంలో అని వేసి ఉంది. అంటే లోకం ముగిశాక ఓ పది రోజులు విశ్రాంతి ఇచ్చి పెడతారన్నమాట.

పాపం, ఆయన్ని అని ఏం లాభం. ఈ వృత్తిలో ఆయనకంటే పెద్ద పెద్దవాళ్ళున్నారు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు లేఖనాలు తవ్వి తీసిన లెక్కని ఆయన శిష్యులు 1844 అక్టోబరు 22కి తెచ్చి ఆపారు. కొందరు పంట కూడా కోయకుండా ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు. 23న సూర్యుడు మామూలుగానే వచ్చాడు. 1970లో హాల్ లిండ్సే రాసిన పుస్తకం ఆ దశాబ్దంలో అక్కడ కుప్పలు తెప్పలుగా అమ్ముడుపోయింది. ఇజ్రాయెల్ ఏర్పడింది 1948లో, తరమంటే నలభై ఏళ్ళు, కూడుకోమని పాఠకుడికే వదిలేశాడాయన. కూడినవాళ్ళకి 1988 వచ్చింది. లిండ్సే మాత్రం 95 ఏళ్ళు నిండుగా బతికి 2024లో పోయాడు.

అందరిలోకీ నాకిష్టమైనవాడు ఎడ్గర్ విజెనాంట్. నాసాలో పనిచేసిన ఇంజనీరు. క్రైస్తవ సంఘం 1988లోనే ఆకాశానికి ఎత్తబడుతుందనడానికి 88 కారణాలు చూపిస్తూ పుస్తకం వేశాడు. సెప్టెంబరు వచ్చింది, వెళ్ళింది. ఎత్తబడింది పుస్తకం అమ్మకాలొక్కటే. అప్పుడాయనకి లెక్కలో ఒక సంవత్సరం తేడా పడిందని తెలిసింది. మరుసటి ఏడు ఇంకో పుస్తకం. మన సివిల్ కోర్టు ప్లీడర్లు కూడా ఇంత నిబ్బరంగా వాయిదా అడగరు. దినమూ గడియా తనకే తెలియదని కుమారుడే చెప్పిన సంగతి, ఒక ఇంజనీరుకి నెలతో సహా తెలిసింది! ఆ తర్వాత రేడియో ప్రసంగీకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అని ఊరూరా హోర్డింగులు పెట్టించాడు, అది దాటాక అక్టోబరు 21 అన్నాడు. అదీ దాటాక, 2012లో తప్పయిందని ఒప్పుకున్నాడు. ఈ వ్యాపారంలో అంత మాట అన్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టాలి.

ఇదంతా అపొస్తలుల నాటి నుంచి వస్తున్న బోధ అని మావాళ్ళ నమ్మకం. నిజానికి సంఘాన్ని ముందుగా చాటుగా ఎత్తుకుపోవడం, ఆ వెనక ఏడేళ్ళ శ్రమకాలం అనే ఈ వరస 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు ప్రచారంలోకి తెచ్చింది. 1909లో స్కోఫీల్డ్ అనే ఆయన దాన్ని తన బైబిలు అడుగున నోట్సుగా వేశాక ఊరూరికీ పాకింది. మా వేదికల మీద ఉరిమేదాంట్లో సగం ఆ నోట్సే.

వాళ్ళకంటే ముందునుంచీ ఇంకోరకం క్రైస్తవులున్నారు. దేవుని రాజ్యం ఆవగింజలా చిన్నగా మొదలై చెట్టవుతుందని, పిండిలో పులుపులా లోకమంతా మెల్లగా పాకుతుందని, ఆ మంచికాలం గడిచాకే ప్రభువు వస్తాడని వీళ్ళ లెక్క. దానికి పోస్ట్‌మిలీనియలిజం అని నోరు తిరగని పేరు పెట్టారు. 18వ శతాబ్దంలో జోనాథన్ ఎడ్వర్డ్స్ అనే బోధకుడు ఆ బాపతు. ఆయన రాతలు చదివి నిప్పంటుకుని మిషనరీగా ఇండియాకి వచ్చినవాడు చెప్పులు కుట్టే విలియం కేరీ. 1812 మార్చిలో బెంగాల్లోని సెరాంపూరులో కేరీ బృందం అచ్చుకూటం తగలబడింది. ఏళ్ళ తరబడి రాసిన కాగితాలు బూడిద, సీసపు అచ్చులు కరిగి ముద్ద. మా పాస్టరు గారికైతే అందులో మూడు సూచనలైనా కనబడేవి. వాళ్ళు ఆ ముద్దనే మళ్ళీ కరగబెట్టి అచ్చులు పోసుకున్నారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం బయటికొచ్చింది.

ఈ ఆశావాదులకి మొట్టికాయలు పడలేదని అనను. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు, లోకమంతా తమ తరంలోనే వెలుగులోకి వస్తుందన్న ధీమా. నాలుగేళ్ళు తిరక్కుండా ఆ క్రైస్తవ దేశాలే కందకాల్లో దిగి ఒకరినొకరు కాల్చుకున్నాయి. సిగ్గుపడాల్సిందే. కాకపోతే ఆ సభలో మాట్లాడిన వి.ఎస్. అజరయ్య ఇంటికొచ్చి, 1912లో దోర్నకల్ బిషప్పయి, గుడి ముఖం కొన్నీ మసీదు ముఖం కొన్నీ కలిపి కథీడ్రల్ కట్టించాడు. దాని ప్రతిష్ఠ ఎప్పుడనుకున్నారు? 1939లో. రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు. ఆశావాది లెక్క తప్పితే బడో ఆసుపత్రో మిగులుతుంది. ప్రళయం తేదీలు చెప్పేవాళ్ళ లెక్క తప్పితే రెండో ముద్రణ వస్తుంది.

సూచనలు చూడాలనుకుంటే 1876-78 కరువులో ఒంగోలుకి మించిన చోటు లేదు. గంజికి మొహం వాచిన జనం, రోడ్లపక్క శవాలు, వెనకే కలరా. అక్కడి మిషనరీ జాన్ క్లౌ దొర ప్రకటన గ్రంథం తెరవలేదు, బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తెరిచాడు. మాదిగపల్లెల జనం పార, తట్ట పట్టుకుని వచ్చారు. బోధకులే మేస్త్రీలు. కూలి చేతికి అందింది. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది నీళ్ళలోకి దిగారు. లోకం ముగుస్తుందని హడలి వచ్చినవాళ్ళు కారు, ఇంకా బతకొచ్చని తెలిసి వచ్చినవాళ్ళు.

ఆ రాత్రి క్యాలెండరు చుట్టుకుని స్కూటరు తీస్తూ తల ఎత్తి చూశాను. చర్చి స్లాబు మీద ప్రతి పిల్లరు నుంచీ ఇనప చువ్వలు మూడేసి అడుగులు పైకి నిలబడి ఉన్నాయి. పక్కనున్న సంఘపెద్దని, ఇవెందుకండీ అని అడిగాను.

"పై అంతస్తుకండీ, సండే స్కూలు పిల్లలకి. ఇంకో నాలుగైదేళ్ళలో వేస్తాం."

"అప్పటిదాకా తుప్పు పట్టదా?"

"పట్టదండీ. పాస్టరు గారు దగ్గరుండి సిమెంటు పాలు పూయించారు."