337 టన్నుల పుణ్యం

శుభవార్త! భోపాల్‌కు పట్టిన పీడ వదిలిందట. 2025 జనవరి 1 రాత్రి, మనమంతా కొత్త సంవత్సరం కేకుల అరగింపులో ఉండగా, యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి 12 కంటైనర్ లారీలు బయల్దేరాయి. వెంట పోలీసులు, అంబులెన్సులు, ఫైరింజన్లు. పీథంపూర్ దాకా సుమారు 250 కిలోమీటర్లు గ్రీన్ కారిడార్. 1984 డిసెంబరు 2 రాత్రి ఆ ఫ్యాక్టరీ నుంచి లీకైన మిథైల్ ఐసోసైనేట్ గ్యాస్ తరుముతుంటే పరుగెత్తిన జనానికి ఎవరూ దారి ఖాళీ చేయించలేదు. చెత్తకు మాత్రం నలభై ఏళ్లకైనా రాజమర్యాద దక్కింది.

ఇంతకీ ఆ లారీలెక్కింది ఏమిటి? ఫ్యాక్టరీ ఆవరణలో ఊడ్చి, బస్తాలకెత్తి, 2005 నుంచి షెడ్డులో దాచిన 337 టన్నుల సరుకు. అంటే ఆ ఆవరణ మొత్తంలో పైకప్పు కింద, మూటల్లో, కాస్త బుద్ధిగా కూర్చున్న విషం అదొక్కటే. నేలలోకి దిగింది దిగినట్టే ఉంది. నాగపూర్‌లోని నీరీ, మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన సంస్థలు 2010లో కట్టిన లెక్క ప్రకారం చెడిన మట్టి 11 లక్షల టన్నులు. పదివేల రూపాయల అప్పులో మూడు రూపాయలు కట్టి, బాకీ తీరిపోయిందని ఊళ్లో దండోరా వేయించిన పెద్దమనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇప్పుడు చూడండి.

చాలామంది ఈ మట్టిని ఆ రాత్రి గ్యాస్‌తో ముడిపెడతారు. గ్యాస్ గాలిలో కలిసింది. ఆ మట్టి, చుట్టుపక్కల బోర్ల నీళ్లు చెడింది అంతకుముందు ఏళ్ల తరబడి సాగిన పారబోతల వల్ల. పురుగుమందుల తయారీలో మిగిలిన నీళ్లను కంపెనీ 1977 నుంచి గోడ అవతలి కుంటల్లో ఎండబెట్టేది. అవి కారుతున్నాయని 1982లోనే ఇక్కడి నుంచి అమెరికాకు టెలెక్స్ వెళ్లింది. టెలెక్స్ మిషన్లు కాలం చేశాయి, కారింది మాత్రం భూమిలోనే క్షేమంగా ఉంది. చుట్టుపక్కల బస్తీలకు మంచినీళ్లు ఇవ్వండని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అయినా ఇందులో ప్రమాదమేముంది? 2009లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆ వ్యర్థాన్ని చేత్తో పట్టుకుని, నేను బతికే ఉన్నాను, దగ్గు కూడా రావడం లేదు అన్నారు. ప్రయోగశాలలు, పరికరాలు అన్నీ దండగ. ఒక మంత్రి, ఒక అరచెయ్యి ఉంటే చాలు! అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీని సందర్శకులకు తెరుస్తామని కూడా ఉబలాటపడింది. అంత సాధువైన చెత్తను తరలించడానికి మరి ఆ అంబులెన్సులెందుకో అడగకూడదు.

2012లో దీన్ని జర్మనీ తీసుకెళ్లి కాల్చే బేరం దాదాపు 25 కోట్లకు కుదరబోయింది. అక్కడి జనం వద్దన్నారు, బేరం పోయింది. చివరికి దాన్ని కాల్చడానికి ఎంచుకున్న పీథంపూర్ జనం కూడా వద్దన్నారు. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. ఇక్కడ మాత్రం పోలీసు లాఠీలు లేచాయి. ఏళ్ల తరబడి దేశంలోకెల్లా శుభ్రమైన నగరంగా కిరీటం పెట్టుకున్న ఇండోర్‌కు ఈ పీథంపూర్ పొరుగూరే.

2025 జూన్ చివరికి దహనం ముగిసింది. కాలిస్తే తరగాలి కదా అని అమాయకంగా అనుకోకండి. సున్నం వగైరా కలిపి కాల్చారు గనక 337 టన్నులు పోసిన చోట బూడిద, మడ్డి కలిపి 800 టన్నులు దాటింది. దాన్ని జాగ్రత్తగా పాతిపెట్టాలి. ఎక్కడ? ఇంకెక్కడ, భూమిలోనే! భోపాల్ భూమిలో విషం ఉందన్నదే కదా మొదటి ఫిర్యాదు. దాన్ని ఇంకో ఊరి భూమికి పంచిపెట్టి శుద్ధి అన్నారు.

కార్బైడ్‌ను 2001లో డౌ కెమికల్ కొనుక్కుంది. ఆస్తులు తనవి, మట్టి మాత్రం తనది కాదంటుంది. శుద్ధి ఖర్చుకు ముందుగా డౌ చేత 100 కోట్లు జమ చేయించమని 2005లో కేంద్ర రసాయనాల శాఖ హైకోర్టును కోరింది. ఆ వంద కోట్లు నేటికీ రాలేదు. పీథంపూర్ దహనానికి కేటాయించిన 126 కోట్లు కేంద్ర ఖజానావి, అంటే మీవీ నావీ.