విరామసందేశము: టీకాతాత్పర్య సహితము

మూలము: "నాన్నగారూ, ఈ ఏడాది కాలేజీకి గ్యాప్ ఇద్దామనుకుంటున్నాను. అమ్మకు ప్రస్తుతానికి చెప్పకండి."

అవతారిక: కాకినాడలో ఇంజనీరింగు రెండవ సంవత్సరము ముగించి, మూడవ సంవత్సరపు ఫీజు గడువు సమీపించుచుండగా, ఒకానొక విద్యార్థి హాస్టలు మేడమీదనుండి జనకునకు వాట్సాప్ మార్గమున పంపిన సందేశమిది.

ప్రతిపదార్థము: నాన్నగారూ = ఫీజు కట్టువాడా (నిత్యము 'నాన్నా' యని పిలుచువాడు 'గారు' చేర్చుటచే రాబోవు విషయము గురుతరమని ధ్వని); ఈ ఏడాది = వచ్చు పండ్రెండు మాసములు; కాలేజీకి = మీరు అప్పుచేసి చేర్పించిన చోటికి; గ్యాప్ = విరామమును; ఇద్దామనుకుంటున్నాను = ఇత్తునని నిశ్చయించుకొంటిని; అమ్మకు = పై న్యాయస్థానమునకు; ప్రస్తుతానికి = అనువైన వేళ చూచి; చెప్పకండి = మీరే చెప్పుడు.

తాత్పర్యము: ఓ తండ్రీ! నేనొక నిర్ణయము చేసికొంటిని. అది మీ నిర్ణయమే యైనట్లు అనుజ్ఞ దయచేసి, అమ్మను ఒప్పించు భారము కూడ వహింపుడు.

విశేషములు: 'ఇద్దాము + అనుకుంటున్నాను' ఉత్వసంధి. 'ఇద్దాము' అనునది ఉత్తమపురుష బహువచనము. సంకల్పించినవాడు ఒక్కడై యుండగా బహువచనమేల యని శంకింపరాదు. ఏడాది కుమారునిదియు, ఫీజు జనకునిదియు, బంధువులకు చెప్పవలసిన సమాధానము జననిదియు నగుటచే, ఇది మువ్వురు కూడి ఇచ్చెడి విరామము. అయినను చివర 'అనుకుంటున్నాను' అని ఏకవచనమే నిలిచినది. ఆలోచన మాత్రము ఒంటిగా జరిగినదన్నమాట.

ఇక మూలమందలి మహాలోపము. మూలమున లేనిది వ్రాయనని శపథము చేసిన కోలాచల మల్లినాథసూరి, మన మెదకుసీమవాడు, ఈ సందేశమునకు వ్యాఖ్య వ్రాయవలసివచ్చినచో గంటము క్రిందపెట్టియుండెడివాడు. ఏలయన 'ఎందులకు' అనుదానికి బదులు ఇందెచ్చటను లేదు. పోయిన సబ్జెక్టులు కూర్చొని చదువుటకా? ఒంట్లో నలతయా? మిత్రులతో కూడి కంపెనీ పెట్టుటకా? లేక బ్రాంచియే నచ్చలేదా? టీకాకారుడు ఊహింపగలడు గాని, ఊహ టీక కానేరదు.

'ఏడాది పోతుంది' అని పెదనాన్న మొదలగువారు పూర్వపక్షము చేయుదురు. ఈ వాదము నిబంధనావళి యెదుట నిలువదు. నాలుగేండ్ల బీటెక్కును ఎనిమిదేండ్లలోపల ముగింపవచ్చునని విశ్వవిద్యాలయమే పలుకుచున్నది. 2021లో వెలసిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో దాచిన క్రెడిట్లు ఏడేండ్లవరకు చెల్లును. నిజమైన చిక్కులు వేరు. అనుమతి గైకొనక ఊరక మానివేసినచో 75 శాతము హాజరు లేమిచే డిటెయిన్ అగును, జ్వరమో గాయమో చూపి మన్నింపు వేడుటకును 65 శాతమైన నుండవలెను. తిరిగి చేరునాటికి రెగ్యులేషన్ మారినచో చదివినది చాలక కొత్త సబ్జెక్టులు నెత్తిన పడును. నిన్న 'అన్నా' యని పిలిచిన జూనియర్ల సరసన కూర్చొనవలసివచ్చుట ఏ నిబంధనలోను లేదు గాని అన్నిటికంటె బరువైనది. దీనికి వెరచియే పెక్కుమంది మనసు లేకున్నను క్లాసుకు పోవుచుందురని నా అభిప్రాయము.

కావ్యలోకమున ఏడాది విరామములు రెండు ప్రసిద్ధములు. విధినిర్వహణలో ఏమరిన యక్షుని కుబేరుడు ఏడాదికి డిటెయిన్ చేయగా, అతడు రామగిరిపై ఎనిమిది నెలలు నిట్టూర్చి, చేతి కంకణము జారునంతగా కృశించి, తుదకు మబ్బును బతిమాలుకొనెను (వాట్సాప్ నాటికి లేదు). పాండవులు అట్టి ఏడాదినే విరాటుని కొలువున వంటవాడుగా, నాట్యాచార్యుడుగా, గుఱ్ఱములను సాకువాడుగా, ఆవులను కాచువాడుగా గడపిరి. ధర్మరాజంతటివాడు రాజునకు పాచికలాటలో తోడు కూర్చుండెను. దాగియుండుట వారికిని తప్పలేదు. కాని తెల్లవారగానే లేచి పోవలసిన పని యొకటి ప్రతివానికిని ఉండెను. మన విద్యార్థి కోరునది రామగిరియా, విరాటనగరమా? అది తేలనిదే తండ్రికి ఔననుటకును కాదనుటకును వీలులేదు. రామగిరియే యైనను తప్పుగాదు; నిద్రపట్టక, అన్నము సయింపక, పుస్తకము తెరచినంతనే గుండెదడ పుట్టువానికి ఏడాది పాటు కొండగాలియే పథ్యము కావచ్చును. అయితే ఆ మాట అతడే నోరు విప్పి చెప్పవలెను, వైద్యుని కడకు కూడ పోవలెను.

తుది వాక్యమందలి నిషేధము నిష్ఫలమయ్యెను. తండ్రికి కళ్లజోడు ఎప్పుడును చేతికందదు గావున, ఆయన ఫోనునకు వచ్చు సందేశములను తల్లియే బిగ్గరగా చదివి వినిపించుట ఆ యింటి ఆచారము. కొంతసేపటికి తండ్రి నంబరునుండి ఇట్లు బదులు వచ్చెను: "సరేగానీ, ఏడాదంతా ఏం చేస్తావురా? అసలు వేళకి తింటున్నావా?" ఫోను తండ్రిదే యైనను, రెండవ ప్రశ్ననుబట్టి ఇది మాతృకర్తృకమని హాస్టలు గదిలోని పండితులు ఏకగ్రీవముగా నిర్ణయించిరి.